నర్సమ్మ చావకూడదు

శేరిలింగంపల్లి పాత ఊళ్ళో రామచంద్రం సారును ఎరగనివాళ్ళు లేరు. ఆయన రాసిన 'తుమ్మకుంట' నవలను, పరీక్షకు బట్టీ పట్టే పిల్లలు తప్ప, చదివినవాళ్ళు మాత్రం వెతికినా దొరకరు. గొప్ప నవల అంటే అంతే కదా మరి! సభలో దండ వేస్తారు, "మహత్తర రచన" అంటారు, ఆ దండ వేసినాయనే భోజనాల దగ్గర పక్కవాడి చెవిలో "ఇంతకీ కథేమిటండీ?" అని అడుగుతాడు.

కథ చెప్పడానికి పెద్ద కష్టమేమీ లేదు. తుమ్మకుంటలో మల్లయ్య అని ఒక జీతగాడు, అతని పెళ్ళాం నర్సమ్మ, వాళ్ళ నెత్తిన కూర్చున్న పటేలు. ఊరంతా పటేలు మీద తిరగబడుతుంటే మల్లయ్య ఒక్కడే కదలలేడు, తాను పోతే పెళ్ళాం పటేలు చేతికి చిక్కుతుందని భయం. ఆ సంగతి గ్రహించిన నర్సమ్మ ఒక సాయంత్రం బిందె తీసుకుని బావికి పోతుంది, తిరిగి రాదు. మల్లయ్య కళ్ళు తుడుచుకుని పోరాటంలోకి నడుస్తాడు. చివరి అధ్యాయం చదివి ఏడవనివాడు మనిషే కాడని ముందుమాట రాసినాయన రాశాడు. ఆయనైనా చదివాడో లేదో దేవుడికెరుక.

విచిత్రమేమిటంటే, నర్సమ్మ అంటే రామచంద్రం భార్య కిష్టమ్మే. గడ్డం కింది పుట్టుమచ్చ, కొంగు నడుముకు దోపుకునే తీరు, విసుగొస్తే "ఇగ సాలు తియ్యి" అనే మాట, అన్నీ ఆమె దగ్గర తీసుకున్నవే. ఆమెకు మాత్రం అక్షరం ముక్క రాదు. పెళ్ళయిన కొత్తల్లో రాసిన ఆ నవలను రామచంద్రం వరంగల్ నుంచి పాలమూరు దాకా సభల్లో చదివాడు, ఇంట్లో చదవలేదు. ఎందుకు చదవలేదంటే ఏం చెబుతాడు పాపం! మొదట, దానికేం తెలుస్తుందిలే అనుకున్నాడు. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత చదవకపోవడమే అలవాటైంది. నవల మాట వచ్చినప్పుడల్లా కిష్టమ్మ ఒకటే అనేది: "సినిమా తీస్తే సూస్త తియ్యి."

అందుకని, తెలంగాణ కోసం ఊరూ వాడా రోడ్డెక్కిన ఆ సంవత్సరం ఎండాకాలంలో ఇద్దరు మనుషులు ఇంటికొచ్చి 'తుమ్మకుంట'ను సినిమా తీస్తామనేసరికి, డెబ్బై ఏళ్ళ రామచంద్రానికి తెర మీద తన పేరు కనిపించలేదు. హాలు చీకట్లో, పక్క సీట్లో, నోట్లో కొంగు పెట్టుకుని ఏడుస్తున్న కిష్టమ్మ కనిపించింది. నలభై ఏళ్ళ బాకీ తీరుతుందనుకున్నాడు.

వచ్చినవాళ్ళలో పెద్దాయన వెంకటరమణ. ప్రొద్దుటూరు మనిషి, తెల్లాపూర్‌లో విల్లాలు కట్టి అమ్ముతాడు. చిన్నవాడు ఆయన మేనల్లుడు చైతన్య. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, డైరెక్టరయితే గానీ అన్నం ముట్టనని వాళ్ళమ్మను పరేషాన్ చేస్తున్నవాడు.

"నవల చదివినవా బిడ్డా?" అని అడిగాడు రామచంద్రం.

"నాకు తెలుగు ఫాస్ట్‌గా చదవడం రాదు సార్. నిజాంపేట హాస్టల్లో మా రూమ్మేట్ మొత్తం నరేట్ చేశాడు. ఆ క్లైమాక్స్‌కి నాకు గూస్‌బంప్స్ సార్!"

"మీరు?"

"వీడు నాకు చెప్పినాడు సార్," అన్నాడు వెంకటరమణ. "ఏడ్చేసినా, నిజంగా. మా ఆవిడకు నేను చెప్తే ఆమె గూడా ఏడ్చింది."

సినిమా వాళ్ళలో చదివే ఆచారం లేదని రామచంద్రానికి అప్పటికి తెలియదు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు వింటారు, మధ్యలో టీలు తాగుతారు, విన్న ప్రతివాడూ ఒక చెయ్యి వేస్తాడు. దాన్ని సిట్టింగ్ అంటారు. పదిమంది చేయి పడ్డాక కూడా కథలో కథ మిగిలితే అది కథ అదృష్టం.

మొదటి సిట్టింగుల్లో చైతన్య భాష సంగతి తెచ్చాడు. మల్లయ్య, నర్సమ్మ 'నార్మల్ తెలుగు' మాట్లాడాలట. మల్లయ్య వెంట తిరిగే కమెడియన్‌కూ, పటేలుకూ మాత్రం తెలంగాణ యాస పెడదామన్నాడు.

"నార్మల్ అంటే?"

"అంటే... సినిమాల్లో మాట్లాడేది సార్."

రామచంద్రం టీ గ్లాసు కింద పెట్టేశాడు. "తుమ్మకుంటల పుట్టినోడు తుమ్మకుంట మాట మాట్లాడకుంటే ఏ మాట మాట్లాడ్తడయ్యా? కృష్ణ దాటిపోయి నేర్సుకొస్తడా?"

ఆ వాదన తెమలకుండానే బయట ఉద్యమం వేడెక్కింది. ఎక్కడ షూటింగ్ ఆగిపోతుందో, ఏ హాలు ముందు ధర్నా జరుగుతుందో తెలియని రోజులొచ్చాయి. వారం తిరక్కుండానే వెంకటరమణ పరుగున వచ్చాడు. "సార్, మీరు చెప్పిందే కరెక్టు. అందరికీ తెలంగాణే పెట్టండి. హీరోకు, హీరోయిన్‌కు, ఎద్దులు గూడా మాట్లాడేటట్లుంటే వాటికి గూడా." నలభై ఏళ్ళ సాహిత్య వాదం సాధించలేని పనిని ఒక్క బంద్ సాధించిందని రామచంద్రం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

తిన్నది అరగకముందే ఊళ్ళో యువజన సంఘం కుర్రాళ్ళు వచ్చారు. నవల సినిమాగా వస్తున్నందుకు శాలువా కప్పారు. కప్పి, "సారూ, జర ఒక్క మాట" అన్నారు. "విలన్ మన తెలంగాణ పటేలే ఎట్లయితడు? ఉద్యమం నడుస్తున్నది. మనోణ్ణి మనమే బద్నాం చేసుకుంటమా? గాయన్ని ఆంధ్రా నుంచి వచ్చినోణ్ణి చేయుండ్రి."

"అప్పట్ల తుమ్మకుంటకు ఆంధ్రోళ్ళు యాడొచ్చిండ్రు బిడ్డా? మనల్ని మనోడే తిన్నడు."

"గదంత ఇప్పుడెందుకు సారూ! రాష్ట్రం వచ్చినంక చెప్పుకుందం."

ఆ కబురు వెంకటరమణ చెవిన వేస్తే ఆయన నెత్తి పట్టుకున్నాడు. విలన్‌ను కోస్తా మనిషిని చేస్తే అక్కడ సినిమా ఎవడు కొంటాడు? పోనీ రాయలసీమ మనిషిని చేద్దామని చైతన్య అన్నాడో లేదో, మేనమామ కస్సుమన్నాడు. "ఒరేయ్, ఇప్పటికే సినిమాల్లో మనోళ్ళ చేత బాంబులేయించి, సుమోలు ఎగరేయించి పరువు తీసినారు. మీ పిన్నమ్మకు నెల్లూరు సంబంధం చూస్తే, మీ ఇంట్లో కత్తులుంటాయా అని అడిగినారురా! నా లెక్క ఖర్చు పెట్టి నేనే ఇంకొకణ్ణి తయారు చెయ్యాల్నా?"

ఆ విధంగా, మూడు ప్రాంతాల మనోభావాలు దెబ్బతినకుండా, తుమ్మకుంట పటేలు మూగవాడయ్యాడు. కనుబొమలతోనే ఊరిని గడగడలాడిస్తాడట. "ఇంటర్నేషనల్‌గా ఉంటది సార్," అన్నాడు చైతన్య. నవలలో ఆ పటేలు నోటి దురుసుకే ఇరవై పేజీలు ఖర్చు చేసిన రామచంద్రం చివరికి "సరే కానియ్యి" అన్నాడు. పక్క సీటు గుర్తొచ్చింది మరి. నర్సమ్మ ఉంది, బావి ఉంది, చివరి అధ్యాయం ఉంది. అది చాలనుకున్నాడు.

బావి చూద్దామని ఒకనాడు చైతన్య ఆయన్ని బైకు మీద తీసుకుపోయాడు. తుమ్మకుంట ఊరు లేదు, కుంటా లేదు. ఎన్నడో అమ్ముడుపోయి, పూడిపోయి, ఆ చోట హైటెక్ సిటీ అద్దాల మేడ ఒకటి లేచింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను "ఎవరిని కలవాలి?" అని అడిగితే రామచంద్రం చైతన్య వంక చూశాడు. చైతన్య పాత స్నేహితుడెవరికో ఫోన్ చేసి లోపలికి తీసుకుపోయాడు. దిక్కులు చూసుకుంటూ, గుట్ట ఎటుందో ఆనవాలు పట్టుకుంటూ, ముసలాయన సెల్లార్‌లో ఒక స్తంభం దగ్గర ఆగాడు.

"గిదే జాగ. బాయి గీడనే ఉండె."

చైతన్య ఆ స్తంభాన్ని తడిమి చూశాడు. "సార్... మూడేళ్ళు నా బైక్ ఇక్కడే పెట్టాను."

వాడి గొంతులో నిజంగానే ఏదో కదిలింది. వీడు తీయగలడు అనుకున్నాడు రామచంద్రం. ఆ ఒక్క క్షణంలో అంతకుముందు జరిగిన అపచారాలన్నీ క్షమించేశాడు. తిరుగుదారిలో కిష్టమ్మకు మల్లెపూలు కూడా కొన్నాడు. "ఏంది, ఇయ్యాల పెండ్లా?" అని ఆమె నవ్వింది.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేవు, బడులు లేవు, కరెంటు ఉన్నప్పుడు ఉంది. ఇక సిట్టింగులన్నీ రామచంద్రం ఇంట్లోనే. ఇక్కడి పెద్దమనిషి ఇంట్లో కూర్చుంటే తన కారు అద్దాలకు ఫికర్ ఉండదని వెంకటరమణ లెక్క. కిష్టమ్మ సర్వపిండి చేసి పెట్టేది. వెంకటరమణ "అక్కా, ఇంకోటి" అని అడిగి మరీ తినేవాడు, ఒక్కోసారి గిన్నె ఇచ్చే నెపంతో వంటింట్లోకే పోయి పీట మీద కూర్చుని ప్రొద్దుటూరు ముచ్చట్లు చెప్పేవాడు. అలా తిని వచ్చిన ఒక మధ్యాహ్నం, చెయ్యి తుడుచుకుంటూ బాంబు వేశాడు.

"సార్, నర్సమ్మ సావగూడదు."

"ఏందీ?"

"సావగూడదు సార్. బావి కాడికి పోతాది, తిరిగొస్తాది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి పటేలు మీదికి పోతారు. నేను బాగా ఆలోచన చేసినా. ఇది లేకుంటే సినిమా వద్దు."

రామచంద్రం లేచి నిలబడ్డాడు. వయసు మరిచి గట్టిగా అరిచాడు. నర్సమ్మ చావే నవలకు ప్రాణమన్నాడు. ఆమె చావు లేకుంటే మల్లయ్య కథే లేదన్నాడు. భాష మార్చారు, ఊరుకున్నాను. పటేలు నోరు పీకేశారు, ఊరుకున్నాను. ఇప్పుడు గుండెకాయ మీద చెయ్యేస్తారా అన్నాడు. "ఎవరు చెప్పిండ్రు నీకిది? ఎవని తెలివి?"

వెంకటరమణ తల వంచుకున్నాడు. "ఒక ఆడమనిషి చెప్పింది సార్. పేరు చెప్పనని మాటిచ్చినా. కానీ ఆమె అడిగినాక నాకు మనసొప్పలేదు. ఎట్లయినా బతికించు నాయనా అనింది. నాకు చేతులు ఆడలేదు సార్."

వాళ్ళావిడై ఉంటుందిలే అనుకున్నాడు రామచంద్రం. విల్లాలో కూర్చుని సీరియళ్ళు చూసే ఆడమనిషి, ఆమెకేం తెలుసు చావంటే, త్యాగమంటే! "ఆమెకు చెప్పుండ్రి," అన్నాడు, "నర్సమ్మ సస్తది. సచ్చినందుకే నలభై ఏండ్లు బతికిందని."

చైతన్య ఏదో అనబోయాడు. వెంకటరమణ వాడి భుజం పట్టుకుని లేపాడు. పోతూ పోతూ వంటింటి గుమ్మం వైపు తిరిగి, "వస్తానక్కా, నా చేతనయింది చూసినా" అని దణ్ణం పెట్టి పోయాడు. సర్వపిండి రుణం అలా తీర్చుకున్నాడనుకున్నాడు రామచంద్రం. ఎంత చదువుకున్నా కొన్ని తలకాయల్లోకి గాలి దూరదు.

సినిమా చచ్చింది, నర్సమ్మ చావు బతికింది. గెలిచినట్టే. గెలిచినవాడు సాయంత్రం దాకా వాకిట్లో మంచం మీదే కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీ అయిపోయిందని ఒకటే దిగులు. కిష్టమ్మ వచ్చి గడప మీద కూర్చుంది.

"అయితే సినిమా లేనట్టేనా?"

"లేనట్టే."

ఆమె కొంగు దులుపుకుని లేవబోయింది. ఆ లేవడం ఆయనకు గుచ్చుకుంది. లోపలికి పోయి, బీరువాలోంచి నవల తీసి, అట్ట మీది దుమ్ము పంచెతో తుడుచుకొచ్చాడు. "సినిమా పాడుగాను. నేనే సదివి ఇనిపిస్త. ఇంటవా?"

కిష్టమ్మ ఆయన్ని వింతగా చూసింది. "ఇంట," అంది.

సమ్మె పుణ్యమా అని ఎక్కడికీ పోయే పని లేదు. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన చదివేవాడు, ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ వినేది. నర్సమ్మ పుట్టుమచ్చ వచ్చినచోట ఆమె చెయ్యి గడ్డం కిందికి పోయింది. "ఇగ సాలు తియ్యి" వచ్చినచోట పకపకా నవ్వింది. ఏ సభలోనూ అలా నవ్వినవాళ్ళు లేరు. రామచంద్రానికి తన వాక్యాలు తనకే కొత్తగా వినిపించాయి. ఇన్నేళ్ళూ ఎంత గాడిదనయ్యాను అని లోలోపల తిట్టుకున్నాడు కూడా.

అలా చివరి అధ్యాయం వచ్చింది.

నర్సమ్మ బిందె తీసుకుంది. వాకిలి దాటింది. రామచంద్రం పేజీ తిప్పి, తలెత్తి కిష్టమ్మను చూశాడు. చిక్కుడుకాయలు పక్కన పెట్టేసి, కొంగు నడుముకు దోపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా నర్సమ్మే. సభల్లో వందమంది ముందు తొణక్కుండా చదివిన వాక్యం ఇప్పుడు నాలుక మీదికి రానంటోంది. దగ్గాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. రెండు పేరాలు ఎగరగొట్టేద్దామా అనుకున్నాడు.

"ఆగినవేంది?" అంది కిష్టమ్మ. "'బాయి ఒరల మీద బిందె పెట్టి నర్సమ్మ ఒక్కపారి ఊరి దిక్కు మల్లి సూసింది.' గదే గద తర్వాత?"

రామచంద్రం చేతిలో పుస్తకం జారింది. అక్షరం రాని మనిషి! "నీకెట్ల తెలుసు?"

"పక్కింటి బాలమ్మ బిడ్డకు ఇంటర్ల నీ పుస్తకమే పెట్టిండ్రు గద. పరీచ్చల ముంగట గట్టిగ సదువుకుంట వాకిట్ల అటిటు తిరిగేది. గోడకు గిటు నేను బియ్యం ఏరుకుంట ఇన్న. ఒక్కపారి గాదు, దానికి నోటికొచ్చేదాంక ఇన్న." ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఆఖర్ల ప్రశ్న గూడ ఉండె. నర్సమ్మ చావు ఎందుకు గొప్పది, వివరింపుము. గదానికి జవాబు గూడ ఇన్న. ఆమె చావు వల్లనే మల్లయ్య మనిషయ్యెనట. దానికి మంచి మార్కులు పడ్డయ్."

"కిష్టమ్మా..."

"నా మచ్చ పెట్టినవ్, నా మాట పెట్టినవ్. అటెంక బాయిల తోసినవ్. తోసి మంచి పేరు తెచ్చుకున్నవ్. దండలేస్తుంటే నీ ఎనకనే కూసున్న గద, నేను బతికే ఉన్నగద అని ఎవలికన్న చెప్దమనిపిస్తుండె." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "సినిమావోళ్ళు ఎవల్ని సావనియ్యరు, ఆఖరుకు కలుపుతరు. వాళ్ళన్న బతికిస్తరని ఇన్నేండ్లు ఎదురుసూసిన. గందుకే గా ప్రొద్దుటూరాయన్ను అడిగిన. నువ్వేమో ఒర్రి ఎల్లగొడ్తివి."

ఆ రోజు తాను అరిచిన ప్రతి మాటా రామచంద్రం చెవుల్లో తిరిగి మోగింది. విల్లాలో కూర్చున్న ఆడమనిషట! చావంటే తెలియని ఆడమనిషట!

జారిన పుస్తకాన్ని తీసి మూశాడు. కళ్ళద్దాలు దాని మీద పెట్టాడు.

"నర్సమ్మ బాయికాడికి పోయింది," అన్నాడు. పుస్తకంలో లేని గొంతుతో అన్నాడు. "తొంగి సూసింది. ఆ యేడు వానల్లేవు. బాయిల నీళ్ళు లేవు."

కిష్టమ్మ ముక్కు చీదింది. "ఆఁ. అయితే?"

"బిందె పట్టుకొని ఇంటికొచ్చింది."

"ఖాళీ బిందెనా?"

"ఖాళీదే."

"మరి ఇంట్ల తాగనీకె నీళ్ళెట్ల?"

ఇది రామచంద్రం ఆలోచించలేదు. అన్ని సిట్టింగుల్లోనూ ఎవరూ అడగని ప్రశ్న. "మల్ల... ఇంకో బాయికి పోతది."

"ఆమెనే ఎందుకు పోవాలె? మల్లయ్యకు కాళ్ళు లేవా? పుస్తకం మొత్తంల గాయన ఒక్కనాడన్న నీళ్ళు తెచ్చిండా? ఈపారి గాయన్ని పొమ్మను."

రామచంద్రం వంటింటి వైపు చూశాడు. పొద్దుటినుంచీ కరెంటు లేదు, మోటారు నడవలేదు. అక్కడ బిందె నిజంగానే ఖాళీగా ఉంది. ఆయన లేచాడు. పంచె ఎగ్గట్టి, బిందె చంకన పెట్టుకోబోయి, అది ఎటు పెట్టుకోవాలో తెలియక భుజాన పెట్టుకుని బయటికి నడిచాడు. ముసలాయన వాలకం చూసి కిష్టమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వీధి చివర బోరింగు దగ్గర ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. వాళ్ళలో పక్కింటి బాలమ్మ ఆయన్ని చూసి కంగారుగా ఎదురొచ్చింది.

"ఏంది సారూ, బిందె పట్టుకొని నువ్వొచ్చినవ్? కిష్టమ్మక్కకు పానం మంచిగ లేదా ఏంది?"

"మంచిగున్నది," అన్నాడు రామచంద్రం వరుసలో నిలబడుతూ. "ఇప్పుడే బతికించిన."